ఎందరు బిడ్డలో నిర్ణయింపవలసినది ఎవరు?

రాయపూరునుండి తూర్పుగా బయలుదేరిన రైలు మహాసముందు, టిట్లాగఢ్, రాయగడల మీదుగా పార్వతీపురము చేరి విజయనగరమునకు పోవును. దక్షిణముగా పోవు రహదారి బస్తరు అడవులను దాటి, కుంట వద్ద శబరిని, ఆవల భద్రాచలము చెంత గోదావరిని కలిసికొనును. ఈ రెండు దారుల వెంటను తెలుగువారు కొన్ని తరములనుండి ఈ నగరమునకు వచ్చి, రైల్వే కర్మాగారములలోను వర్తకములోను కుదురుకొని, పెండ్లిండ్లకును పురుళ్లకును మరల ఆ దారులనే పట్టి స్వస్థలములకు పోయి వచ్చుచున్నారు. ఆడపడుచు పురిటికి ఏ ఊరు పోయినను, ఈ బిడ్డ ఎన్నవ బిడ్డ అను ప్రశ్న మాత్రము ఏదో యొక సర్కారు కాగితము రూపమున ఆమెకు అటును ఇటును ఎదురుపడుచునే యున్నది.

ఈ యేబది యేండ్లలో ఆ కాగితము పలికిన మాటలు ఒకదానితో నొకటి పొసగునవి కావు. ఇద్దరికి మించి బిడ్డలను కన్నవారు గ్రామపంచాయతీలో వార్డు సభ్యులుగానైనను నిలువరాదని ఒక చట్టము శాసించినది. అడవిలోని కొన్ని చిన్న తెగల స్త్రీలు, తామై కోరినను, పిల్లలు కలుగకుండ ఆపరేషను చేయించుకొనరాదని మరియొక ఉత్తరువు నిషేధించినది. ఆపరేషను శిబిరమునకు ఇందరు స్త్రీలను తోడ్కొని రావలెనని క్రింది యుద్యోగులను తరిమిన రోజులను ఈ ప్రాంతమే చూచినది. ఇప్పుడు అమరావతిలో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు ఇద్దరితో ఆగవద్దని ప్రజలను బహిరంగముగా కోరుచున్నారు. ఇట్లు ఆజ్ఞలు మారిన వెంట జననములును మారినవా, నిర్బంధములను సడలించుటవలన నిజముగా ఒనగూడిన దేమి, ఒనగూడని దేమి అను విషయమును, తెలుగునాటికి పొరుగుననున్న ఛత్తీస్‌గఢ్ అనుభవమును ముందుంచుకొని, సమీక్షించుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

కుటుంబ నియంత్రణమును ప్రభుత్వ కార్యక్రమముగా 1952లో చేపట్టి, ఆ పనిలో లోకమున మొదటిదైన దేశము మనది. గోడలపై ఎఱ్ఱ త్రికోణము, దాని క్రింద ‘చిన్న కుటుంబము చింతలేని కుటుంబము’ అను నినాదము చూచుచు పెరిగిన తరము ఇంకను మన యిండ్లలో నున్నది. బోధనగా మొదలైన ఆ ప్రయత్నము, అత్యవసర పరిస్థితి నాటికి బలాత్కారముగా మారి, 1976-77 ఒక్క యేడాదిలో దేశమంతటను 82 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగినవి. వానిలో 62 లక్షలు పురుషులకు జరిగినవే. ఆ కోపము 1977 ఎన్నికలలో వెల్లడియైన తరువాత, పురుషుని జోలికి పోవుటకు ఏ ప్రభుత్వమునకును ధైర్యము చాలలేదు. బరువంతయు స్త్రీమీదికి జరిగినది. ఆంధ్రప్రదేశమున నేడు పెండ్లియైన స్త్రీలలో నూటికి డెబ్బదిమంది వరకు ట్యూబెక్టమీ చేయించుకొన్నవారు. దేశమున ఇదియే అన్నిటికంటె హెచ్చు. సంతాన నిరోధపు ఆపరేషను చేయించుకొన్న పురుషులు నూటికి ఒక్కరైనను లేరు. ఇది మరచి జనన సమస్యను గూర్చి ఎవ రెంత మాటలాడినను, సగము చెప్పినట్లే.

పంచాయతీ చట్టముల కథ తరువాతది. 73వ రాజ్యాంగ సవరణతో స్థానిక సంస్థలకు జీవము వచ్చిన ఆ దినములలోనే, ప్రజాప్రతినిధులు తామే ఆదర్శముగా నుండవలెనను తలంపుతో ‘ఇద్దరు బిడ్డల నియమము’ పుట్టినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశము 1994 పంచాయతీరాజ్ చట్టములో దీనిని చేర్చి, ఒక యేడాది గడువిచ్చి, 1995 మే మాసము తరువాత మూడవ బిడ్డ పుట్టినవారిని అనర్హులను చేసినది. రాజస్థాన్ ఇంచుమించుగా అదే కాలమున అదే దారి పట్టినది. మధ్యప్రదేశము 2001 జనవరి 26ను గీటుగా పెట్టినది; అప్పటికి రెండు మూడు నెలల క్రిందటనే దానినుండి విడివడిన ఛత్తీస్‌గఢ్‌కు కూడ ఆ నియమము పుట్టుకతోనే సంక్రమించినది. 2003 జులైలో ‘జావేద్’ కేసున సర్వోన్నత న్యాయస్థానము, హర్యానా చట్టమును పరిశీలించి, ఎన్నికలలో నిలుచుట చట్ట మిచ్చిన హక్కే గాని మౌలిక హక్కు కాదనియు, బిడ్డను దత్తత కిచ్చినంతమాత్రమున అనర్హత తొలగదనియు తీర్పు చెప్పి, నియమమును నిలబెట్టినది.

న్యాయస్థానమున నిలిచిన ఆ నియమము పల్లెలో ఏ రూపము దాల్చినదో చూడవలెను. నామినేషనుల పరిశీలన నాడు మండల కార్యాలయమున జరుగు తంతు ఎరిగినవారికి వివరింప నక్కరలేదు. అభ్యర్థి పత్రములో బిడ్డల సంఖ్య వ్రాయు గడి యొకటి. దానియందు ‘ఇద్దరు’ అని యుండును. ప్రత్యర్థి పక్షమువారు అంగన్‌వాడీ రిజిష్టరు నకలో, ఆస్పత్రి పుట్టుక పత్రమో, బడిలో చేర్చుకొన్న కాగితమో తెచ్చి బల్లపై పెట్టుదురు. ఆ పసివాడు మా చెల్లెలి కొడుకని ఒకరు, కాదు నీ కొడుకేయని మరియొకరు, వాదులాడుచుండగా, ఎవని గూర్చి ఆ వాదము నడచుచున్నదో ఆ బిడ్డ తల్లి చంకలోనే యుండును. తండ్రికి కుర్చీ దక్కుటకై కాగితములపై తల్లిదండ్రులను పోగొట్టుకొన్న బిడ్డలు మన తెలుగు పల్లెలలో ఎందరో పెరిగినారు.

ఇది ఊహ కాదు. మధ్యప్రదేశ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి పదవి నధిష్ఠించిన మొదటి మహిళయైన నిర్మలా బుచ్‌గారు, ఉద్యోగ విరమణానంతరము, ఆంధ్రప్రదేశమును మధ్యప్రదేశమును కలుపుకొని ఐదు రాష్ట్రములలో ఈ నియమపు ఫలితములను పరిశోధించి 2005లో ప్రకటించిరి. భార్యలను విడిచిపెట్టుట, బిడ్డ తనది కాదని త్రోసిపుచ్చుట, దత్తత పేరిట దాచుట, గర్భములు తీయించుట, అందును ఆడపిండమని తెలిసికొని తీయించుట వంటి సంగతులు ఆ పరిశోధనలో వరుసగా బయటపడినవి. అనర్హులైనవారిలో అధికభాగము దళితులు, ఆదివాసులు, వెనుకబడినవారు, పేదలు. రిజర్వేషనుల వలన తొలిసారి పంచాయతీ గడప ద్రొక్కిన స్త్రీ, తాను ఎందరిని కనవలెనో నిర్ణయించు అధికారము ఇంటిలో తనకు లేకపోయినను, ఆ నిర్ణయమునకు దండన మాత్రము తానే అనుభవించినది. పదవిలోనికి ఆహ్వానించిన చేతితోనే ఆమెను వెనుకకు త్రోసిన ఈ చట్టమును, జనాభా కొరకని ఎంత సమర్థించినను, నేను న్యాయమని ఒప్పుకొనజాలను.

అయినను రెండవ పక్షపు సాక్ష్యమును దాచరాదు. ఎస్. అనుకృతి, అభిషేక్ చక్రవర్తి అను ఆర్థికశాస్త్రజ్ఞులు ఇటువంటి చట్టములున్న రాష్ట్రములను లేనివానితో పోల్చి, నాయకులమీది కట్టుబాటు సామాన్య ప్రజలలోను జననములను కొంత తగ్గించినదనియు, అయితే తొలిచూలు ఆడపిల్ల పుట్టిన అగ్రవర్ణ కుటుంబములలో ఆ తరువాతి కాన్పులందు మగపిల్లల నిష్పత్తి హెచ్చినదనియు కనుగొనిరి. అనగా చట్టము పనిచేయకపోలేదు. పనిచేసిన చోట దాని వెలను పుట్టనియ్యని ఆడపిల్ల చెల్లించినది.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి, ఆ చట్టములు ఎత్తివేసిన తరువాత జరిగినది. ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశము, హర్యానా, హిమాచల్ ప్రదేశములు ఈ శతాబ్ది తొలి దశకములోనే నియమమును రద్దు చేసికొన్నవి. పగ్గము వదలినచో జననములు ఉప్పొంగునని భయపడినవారును, అట్లే కావలెనని కోరినవారును ఇచ్చటి లెక్కలను చూడవలెను. ఒక స్త్రీ తన జీవితకాలమున సగటున ఎందరిని కనునో తెలుపు సంతానోత్పత్తి రేటు, జాతీయ కుటుంబారోగ్య సర్వేల ప్రకారము, ఛత్తీస్‌గఢ్‌లో 2005-06 నాటికి 2.6, 2015-16 నాటికి 2.2, 2019-21 నాటికి 1.8. మధ్యప్రదేశమున ఆ పదునైదేండ్లలోనే 3.1 నుండి 2.0కు దిగినది. సడలింపు తరువాత జననములు పెరుగుట యటుండగా, మునుపటికంటె వడిగా తగ్గినవి. నమూనా నమోదు పద్ధతి లెక్క ఛత్తీస్‌గఢ్‌కు 2020లో 2.2 అని కొంత హెచ్చుగా చూపుచున్నది గనుక 1.8 అను అంకెను వేదవాక్యముగా గొనరాదు. కాని ఏ లెక్కయు ఈ రాష్ట్రమున రేటు పెరిగినదని చెప్పుటలేదు.

తెలుగునాటి లెక్క మరియొక వైపునుండి ఇదే చెప్పుచున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1992-93లో 2.6గా నున్న రేటు 2005-06 నాటికి 1.8కి దిగినది, ఇది పంచాయతీ చట్టపు ప్రభావమని చెప్పుకొన్నవారు కలరు. కాని అట్టి చట్టము నెన్నడును చేయని తమిళనాడు, కేరళములు అదే మెట్టునకు మనతోబాటుగనో మనకంటె ముందుగనో దిగినవి. చట్టము చేసిన రాజస్థాన్‌లో, చేసిన పదేండ్ల తరువాత కూడ, రేటు 3.2గా నిలిచియే యుండెను. ఆడపిల్ల బడికి పోవుట, పుట్టిన బిడ్డ బ్రతుకునను ధైర్యము కలుగుట, ఇద్దరు పుట్టగనే ఆపరేషను చేయించుట అత్తవారింటిలోను పుట్టింటిలోను ఒక ఆచారముగా స్థిరపడుట, ఇంగ్లీషు మీడియము ఫీజులు: ఇవి చేసిన పనిలో చట్టము వంతు స్వల్పము. పంచాయతీ చట్టము మూలమున తన సంతానమును పరిమితము చేసికొన్న గృహిణి నాకు తెలిసిన తెలుగు కుటుంబములలో లేదు. ఫీజుల మాట ఎత్తని గృహిణియు లేదు.

ఛత్తీస్‌గఢ్ చరిత్రలో మరియొక నిర్బంధ మున్నది. అది కనుమనిన నిర్బంధము. దానిని గూర్చి తెలుగు పాఠకులకు అంతగా తెలియదు గనుక కొంత వివరముగా వ్రాయవలసియున్నది. అత్యవసర పరిస్థితి నాటి బలవంతపు శస్త్రచికిత్సలు ముగిసిన తరువాత, జనసంఖ్య అత్యల్పముగా నున్న ఆదిమ తెగలు ఈ కార్యక్రమము వలన అంతరించిపోవునని భయము పుట్టి, 1979 డిసెంబరులో అప్పటి మధ్యప్రదేశ ప్రభుత్వము ఆ తెగలవారికి కుటుంబ నియంత్రణ ఆపరేషనులను నిషేధించుచు ఉత్తరువు వెలువరించినది. బైగా, పహాడీ కోర్వా, బిర్హోర్, కమార్, అబూఝ్‌మాడియా అను ఐదు తెగలు ఈ రాష్ట్రమున దాని క్రిందికి వచ్చినవి. ఉద్దేశము రక్షణయే, సందేహము లేదు. కాని రక్తము లేని దేహముతో ఐదవ కాన్పు, ఆరవ కాన్పు మోయుచున్న బైగా స్త్రీ, ఇక చాలునని ఆరోగ్య కేంద్రమునకు వచ్చినప్పుడు, నీ తెగ తగ్గిపోవుచున్నది గనుక నీకు వీలులేదని త్రిప్పి పంపుట రక్షణ యెట్లగును? కొందరు తెగ పేరు దాచి ఆపరేషను చేయించుకొనిరి. కొందరు ఎల్ల దాటి పొరుగు జిల్లాలకు పోయిరి. తెగ క్షీణించుటకు కారణము మలేరియా, క్షయ, ఆకలి, పసిబిడ్డల మరణములు. వీనిని మాన్పుట వ్యయముతో గూడిన పని, స్త్రీ గర్భముపై ఉత్తరువు జారీచేయుట వ్యయము లేని పని. బైగాలును, ప్రజారోగ్య కార్యకర్తలును బిలాస్‌పూర్‌లోని హైకోర్టు నాశ్రయింపగా, ఆ నిషేధము 2018లో కొట్టివేయబడినది. దాదాపు నలుబది యేండ్లు ఆ ఉత్తరువు నిలిచినది!

ఈ నిషేధము అమలులో నున్న కాలముననే, 2014 నవంబరు 8న, ఇదే బిలాస్‌పూర్ చేరువ సకరీలో, వాడుకలో లేని ఒక ప్రైవేటు ఆస్పత్రి భవనమున, కొద్ది గంటలలో 83 మంది స్త్రీలకు ట్యూబెక్టమీ చేసిరి. ఒక శస్త్రవైద్యుడు దినమునకు ముప్పదికి మించి చేయరాదని ప్రభుత్వ నియమమే చెప్పుచుండగా, ఎనుబదిమూడు! పడకలు లేనందున ఆపరేషనైన స్త్రీలను నేలమీదనే వరుసగా పరుండబెట్టి, మాత్రలిచ్చి, ఇండ్లకు పంపిరి. మరునాటినుండి వాంతులు, కడుపునొప్పి, మరణములు. పదుముగ్గురు స్త్రీలు పోయిరి. గర్భము మోసిన దేహములు ఆరకమునుపే చంటిబిడ్డలను విడిచిపోయినవారు వారిలో నున్నారు. రెండు దినముల తరువాత గౌరెల్లాలో జరిగిన శిబిరమునకు కొనిపోబడి మరణించిన ఒకామె బైగా స్త్రీ. ఆమె తెగకు ఆపరేషను నిషిద్ధము. కోరిన స్త్రీలకు అడ్డు నిలిచిన ఉత్తరువు, శిబిరమునకు మనుష్యులు కావలసివచ్చినప్పుడు ఆమెకు అడ్డు నిలువలేదు.

ఈ రెండు సంగతులను ఒకచోట చేర్చి చూచినప్పుడు నాకు తోచున దొక్కటి. ‘కనవద్దు’ అను ఆజ్ఞయు ‘కనుము’ అను ఆజ్ఞయు పరస్పర విరుద్ధములుగా కనబడుచున్నవే గాని, స్త్రీని లెక్కలోని యొక అంకెగా చూచుటలో ఆ రెంటికిని భేదము లేదు. 2016 సెప్టెంబరులో ‘దేవికా బిశ్వాస్’ కేసున సర్వోన్నత న్యాయస్థానము మూడేండ్లలో శిబిర పద్ధతి నంతము చేయవలెనని ఆదేశించినది ఆ పదుముగ్గురి మరణముల నీడలోనే.

విదేశముల అనుభవము ఈ విషయమున ఎంత స్పష్టముగా నున్నదో చూచిన ఆశ్చర్యము కలుగును. చైనా 1980 ప్రాంతమున ‘ఒకే బిడ్డ’ నియమమును పెట్టి, ముప్పదియైదేండ్లు కఠినముగా నడిపి, ముసలితనము ముంచుకొని వచ్చుటను గ్రహించి మెల్లగా సడలింప మొదలిడినది. 2013లో, దంపతులలో ఒక్కరు తలిదండ్రులకు ఏకసంతానమైనను రెండవ బిడ్డను కనవచ్చుననగా, కోటికి పైగా జంటలు అర్హులు కాగా, తొలి యేడాదిలో అర్జీ పెట్టినవారు పదింట ఒకవంతు మాత్రమే. 2016 జనవరినుండి ఇద్దరు బిడ్డలు అందరికి అనుమతింపబడిరి. 2015లో కోటి 65 లక్షలుగా నున్న జననములు ఆ యేడు కోటి 78 లక్షలకు పెరిగినవి. చాలకాలముగా ఎదురుచూచినవారు కనిన బిడ్డలవి. మరుసటి యేటినుండియే దిగజారుట మొదలయ్యెను. 2021 మేలో ముగ్గురివరకు కనవచ్చుననిరి. 2022లో, 1961 కరవు తరువాత మొదటిసారి, ఆ దేశ జనాభా తగ్గినది. 2023లో పుట్టిన బిడ్డలు 90 లక్షలు. ద్వారము తెరచిన యేటితో పోల్చినచో సగము. ఒకే బిడ్డతో ఇల్లు, చదువు, ఉద్యోగము, ముసలివారి పోషణ అన్నియు అమర్చుకొన్న తరమునకు, రెండవ బిడ్డకు అనుమతి లభించుట వేరు, రెండవ బిడ్డకు జీవితమున చోటు లభించుట వేరు అయిపోయినవి.

సింగపూరు 1970 దశకమున ‘ఇద్దరితో ఆపుడు’ అని ప్రచారము చేసి, 1987లో నాలుక మరల్చి, పోషింపగలవారు ముగ్గురినో అంతకంటె ఎక్కువమందినో కనుడని కోరినది. ధనము, ఇండ్లు, పన్ను రాయితీలు ఎన్నియో ఇచ్చినది. 2023లో అచటి రేటు ఒకటికి లోపల, 0.97. దక్షిణ కొరియా అదే యేట 0.72కు చేరినది. వియత్నాము తన ఇద్దరు బిడ్డల నియమమును 2025 జూనులో రద్దు చేసినది. దాని ఫలితమును కాలమే చూపవలెను. బలవంతముగా కనిపించుటకు పూనుకొన్న రొమేనియా గతి మరియు ఘోరము. 1966లో గర్భస్రావమును నిషేధింపగా మరుసటి యేట రేటు 1.9 నుండి 3.7కు ఎగసి, కొన్ని యేండ్లకే మరల దిగిపోయినది. చాటుమాటు గర్భస్రావముల వలన మరణించిన తల్లుల సంఖ్యలో ఆ దేశము యూరపుఖండమునకే మొదటి స్థానమున నిలిచినది. 1989లో ప్రభుత్వము కూలిన వెంటనే క్రొత్తవారు చేసిన మొదటి పనులలో ఆ శాసనమును రద్దు చేయుట ఒకటి.

ఇక మనవారి మాట. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ శాసనసభ పంచాయతీ, పురపాలక చట్టములలోని ఇద్దరు బిడ్డల నియమమును తొలగించినది. 2025లో తెలంగాణ ప్రభుత్వమును ఆ దారికే వచ్చినది. ఈ తొలగింపును నేను మనసార ఆహ్వానించుచున్నాను. అయితే దానికి చెప్పబడిన కారణము, అనగా జననములు పెరుగవలెనను కారణము, నాకు సమ్మతము కాదు. ఛత్తీస్‌గఢ్ ఇరువది యేండ్లకు పూర్వమే చేసిన పనివలన జననములు పెరుగలేదని ఇంతకు మునుపు చూచినాము. తెలుగునాట అట్టి ఆశకు మరియు తావు తక్కువ. పాతికేండ్లు నిండకమునుపే ఇద్దరు పుట్టి ఆపరేషను చేయించుకొన్న స్త్రీలు లక్షలలో నున్న చోట, సర్పంచి పదవికి అర్హత కలిగినదను వార్త వలన మూడవ బిడ్డ ఎచ్చటినుండి వచ్చును?

నాయకుల భయమునకు ఆధారము లేకపోలేదు. ఆంధ్రప్రదేశమున అరువదియేండ్లు దాటినవారు 2021 నాటి అంచనాలలో నూటికి 12.4, దేశము మొత్తముమీద నూటికి పది. లోక్‌సభ స్థానముల పంపిణీ 1971 జనాభా లెక్కలపై నిలిపివేయబడి, 2026 తరువాతి జనగణన వరకు పొడిగింపబడియున్నది. ఆ గడువు తీరిన పిమ్మట దక్షిణాది బలము తగ్గునను ఆందోళన న్యాయమైనదే. కాని ఈ రెండింటిని బిడ్డలను కని సరిదిద్దుకొందమనుట లెక్కకే నిలువదు. నేడు పుట్టిన బిడ్డ ఓటరగుటకు పదునెనిమిదేండ్లు, ఆదాయము తెచ్చుటకు ఇరువదికి పైగా పట్టును. స్థానముల పంపిణీ రాజకీయ ఒడంబడికతో తేలవలసిన సమస్య. 15వ ఆర్థిక సంఘము జనాభా తగ్గించుకొన్న రాష్ట్రములకు పంపకములో 12.5 శాతము బరువు కేటాయించినట్లు, పార్లమెంటులోను ఒక సూత్రము కుదుర్చుకొనవచ్చును. వృద్ధుల పోషణమునకు కావలసినది పింఛనులు, వృద్ధవైద్యము. ఈ భారమును ఇరువది రెండేండ్ల కోడలి గర్భముపై పెట్టుట తేలిక గనుకనే నాయకుల నోట ఆ మాట తొందరగా వచ్చుచున్నది.

నాయకులు చెప్పు పనివారి కొరత యను మాటను ఇక్కడివారు మరియొక విధముగా వినవలసియున్నది. ఖమ్మము, భద్రాద్రి, ములుగు ప్రాంతములలో మిరపకాయ కోతకు వచ్చినప్పుడు, ఏటేటా జనవరినుండి బస్తరు పల్లెలు సగము ఖాళీయగును. తెలుగు రైతు తోటలో నేడు వంగి కాయ కోయుచున్న చేతులు చాలవరకు బీజాపూర్, సుక్మా జిల్లాలవి. 2020 ఏప్రిల్‌లో, రవాణా నిలిచిపోయినందున, తెలంగాణలోని మిరప తోటనుండి బీజాపూర్ జిల్లాలోని తన యూరికి అడవి దారిని నడచుచు, ఇల్లు చేరువలో ప్రాణము విడిచిన బిడ్డకు పన్నెండేండ్లు. పుట్టవలసిన బిడ్డల కొఱకు పథకములు వేయు ప్రభుత్వములకు, పుట్టియున్న ఈ బిడ్డలు కంటికి ఆనకపోవుట నన్ను మిక్కిలి బాధించు విషయము.

మరి బిడ్డలు కావలెనని కోరుకొనియు కనలేకపోవుచున్న దంపతులు లేరా? ఉన్నారు, వారి పక్షమున ప్రభుత్వము చేయదగినది చాల యున్నది. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2025లో ప్రకటించిన సర్వేలో, అనుకొన్నంతమంది బిడ్డలను కనుటకు అడ్డేమని అడుగగా, మన దేశమున నూటికి 38 మంది డబ్బు చాలమి యనిరి. తరువాత వచ్చినవి ఇల్లు, ఉద్యోగ భద్రత లేమి, బిడ్డను చూచువారు లేకపోవుట. ఇచ్చట మన కేంద్ర చట్టమే ఇంకను వెనుకబడియున్నది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనముల చట్టము తొలి యిద్దరు బిడ్డలకు 26 వారముల సెలవు ఇచ్చి, మూడవ కాన్పునకు 12 వారములే ఇచ్చినది. ఎన్నవ బిడ్డయైనను తల్లి కోలుకొను కాలము, పాలు కుడుపు కాలము తగ్గునా? 2025 మేలో సర్వోన్నత న్యాయస్థానము, తమిళనాడు ఉపాధ్యాయురాలి కేసున, ప్రసూతి సెలవు స్త్రీ సంతానహక్కులలో భాగమని చెప్పినది. అదే యేట ఆంధ్రప్రదేశము తన ఉద్యోగినులకు బిడ్డల సంఖ్యతో నిమిత్తము లేక ఆ సెలవు నిచ్చుటకు పూనుకొన్నది. ఈ సడలింపు, పంచాయతీ సడలింపుకంటె పదిరెట్లు విలువైనది. విజయనగరము లోక్‌సభ సభ్యులు మూడవ బిడ్డ ఆడపిల్లయైనచో 50,000 రూపాయలు, మగపిల్లవాడైనచో ఆవు నిత్తునని 2025 మార్చిలో ప్రకటించుటను జనులు గొప్పగా చెప్పుకొనిరి. సద్భావమునకు కొరత లేదు గాని, ఒక బిడ్డ పెంపకము ఇరువది యేండ్ల వ్యయము.

సెలవు అనునది ఉద్యోగమున్నవారికి. కూలికి పోవు తల్లి మాటేమి? దీనికి సమాధానము ఛత్తీస్‌గఢ్ పల్లెలలోనే ఒకటి దొరకుచున్నది. 2002లో రాయపూరునుండి మొదలైన మితానిన్ కార్యక్రమము ఊరూర ఒక స్త్రీని ఆరోగ్య సహచరిగా నిలిపి, తరువాత దేశమంతటికి ఆశా కార్యకర్తల నిచ్చినది. దాని చెంతనే పెరిగినవి ‘ఫుల్‌వారీ’లు. అంగన్‌వాడీ మూడేండ్లు నిండిన పిల్లలను కూర్చుండబెట్టుకొనును. ఆరు మాసములనుండి మూడేండ్ల లోపు పసివానికి, తల్లి పొలమునకు పోయినచో, అక్కయే దిక్కు, అక్కకు బడి పోవుటయే గతి. ఫుల్‌వారీలో ఊరి స్త్రీలే ఒకచోట పది పన్నెండుగురు పసివారిని చేర్చి, ప్రొద్దుటినుండి పొలము పని ముగియువరకు కాచి, కిచిడీ, సత్తుపిండి తినిపించి, నిదురబుచ్చుదురు. బిలాస్‌పూర్ చేరువ గనియారీలోని జన స్వాస్థ్య సహయోగ్ వైద్యులు దీనిని నడిపి చూపినారు; ప్రభుత్వము సర్గూజా మొదలైన ఆదివాసి ప్రాంతములలో చేపట్టినది. ఇందులో సిమెంటు భవనముల వ్యయము లేదు. బిడ్డ బరువు పెరుగును, అక్క బడికి పోవును, తల్లి కూలి నష్టపోదు. దీనివలన సంతానోత్పత్తి రేటు పెరుగునని నేను వాగ్దానము చేయను; పెరుగకపోయినను ఆ పని చేయదగినదే. మూడవ బిడ్డ కావలెనను తల్లికి అది తోడగును. ఒక్కరే చాలునను తల్లికి ఆ యొక్కరిని చక్కగా పెంచుకొను వీలు కలుగును.

కనుక తెలుగు రాష్ట్రముల శాసనసభ్యులకు నా విన్నపము. పంచాయతీ నియమమును తీసివేసి మంచి పని చేసితిరి. దానికి బదులుగా ముగ్గురిని కన్నవారికి బహుమానములు, కననివారికి కొఱతలు పెట్టు చట్టమును తేకుడు. మూడవ కాన్పునకు పండ్రెండు వారములే సెలవనెడు కేంద్ర చట్టమును మార్పింపుడు. ఆపరేషను ఒక్కటే దారి యనుకొని పాతికేండ్ల లోపుననే దానికి సిద్ధపడుచున్న స్త్రీలకు, తాత్కాలిక సాధనములు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున దొరకునట్లు చూడుడు. ఆ బాధ్యతలో పురుషునికిని వంతు కలదని గట్టిగా చెప్పుడు. ముగ్గురిని కనుడని వచ్చే సభలో పలుకబోవుటకు మునుపు, మూడేండ్లు నిండని బిడ్డను విడిచి కూలికి పోవలసిన తల్లికి మీ నియోజకవర్గమున ఆ బిడ్డను అప్పగించుటకు చోటెక్కడ నున్నదో విచారింపుడు. చోటు లేదని తేలినచో, రాబోవు బడ్జెటులో దానికొక పద్దు వ్రాయింపుడు.